హాయ్ చెప్పిన షుగర్ మిషన్

“రామచంద్రం గారూ, ఈ ఊళ్లో నేరాలు చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లని నేననను. పాపం, తెలివైనవాళ్లే. కాకపోతే వాళ్ల ఖర్మ కాలి నేను బతికున్న రోజుల్లో పుట్టారు.”

ఈ మాట అన్నది డిటెక్టివ్ మురళీకృష్ణ. అన్నప్పుడు అతను నా కొట్టులో లైనింగు గుడ్డల తానుల మధ్య, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద ఊగుతూ కూర్చున్నాడు. నోట్లో మిర్చి బజ్జీ ఉంది. నేరస్థుల సంగతేమో గాని, నా తెల్ల పాప్లిను తాను మీద మాత్రం నూనె పడింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాది మ్యాచింగ్ సెంటరు. చీర తెస్తే దానికి తగ్గ జాకెట్టు గుడ్డ, ఫాల్ చూపించడం నా పని. మావాళ్లు పోచంపల్లిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికారు. నేను ఏడో తరగతిలో బడి మానేసి, “ఈ పచ్చ కాదు, ఆ పచ్చ” అనే ఆడవాళ్ల మధ్య బతుకుతున్నాను. చదువుకోలేదన్న బాధ నాకు చాలాకాలం ఉండేది. మురళీకృష్ణ పరిచయమయ్యాక పోయింది.

అతను తెనాలి వైపు మనిషి. మా సందు చివరి కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాడు. ఫలానా ఆవిడ మేనత్త కొడుకు ఫలానావాడికి బావమరిదైతే మూడోవాడికి ఏమవుతాడని పిల్లల్ని వేధించడం రీజనింగ్ అట. అతను చెప్పే పరీక్షను తనే ఆరుసార్లు రాసి ఆరుసార్లూ తప్పాడు. అంత బుర్ర ఉద్యోగానికి పనికిరాదని తేలాక డిటెక్టివ్ అయ్యాడు. కార్డు కూడా కొట్టించుకున్నాడు: “రక్త సంబంధాలు, కోడింగ్ డీకోడింగ్, సకల రహస్యములు ఛేదించబడును.” కిందటి నెల కోచింగ్ సెంటర్లో పోయిన గొడుగు కేసు ఛేదించాడు. గొడుగు అతని చేతిలోనే దొరికింది.

ఆ బజ్జీ అయిపోకముందే ఎల్బీ నగర్ నుంచి మా అక్క భాగ్యమ్మ ఫోన్ చేసింది.

“తమ్మీ, నేను తినలేదురా.”

“ఏం తినలేదక్కా?”

“ఏం తినలేదు. గదే చెప్తున్న. వీళ్లు నమ్ముతలేరు.”

మా అక్కకు చాలా ఏళ్లుగా షుగర్. కొడుకు నరేష్‌కుమార్ బ్యాంకులో పనిచేస్తాడు, కోడలు అరుణశ్రీ స్కూలు టీచరు. ఇద్దరూ కలిసి అక్కకు ఇంట్లోనే షుగర్ చూసుకునే మిషను కొనిచ్చారు. రోజూ పొద్దున వేలు పొడుచుకోవాలి, నంబరు ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాలి. ఇదివరకు జబ్బు దవాఖానాలో ఉండేది, మనం ఇంట్లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఇల్లే దవాఖాన, డాక్టరొక్కడే లేడు. పార్కుకు పోతే మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. “మీదెంత?” “నూట నలభై.” “అబ్బే, నాది నూట ఇరవై.” కోచింగ్ సెంటర్ల ముందు ర్యాంకుల బోర్డులు చూసి చూసి ఈ ఊరు రక్తానికి కూడా ర్యాంకులు కట్టింది.

అయితే కార్తీక మాసం మొదలైనప్పటి నుంచీ అక్క ర్యాంకు పాడైంది. పరగడుపునే మూడు వందలు దాటుతోంది. డాక్టరు ఫోన్లో ఫోటోలు చూసి గోళీలు పెంచాడు. నంబరు తగ్గలేదు, మళ్లీ పెంచాడు. ఇప్పుడు ఉన్నట్టుండి అక్కకు చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, కళ్లు మసకేస్తున్నాయి.

“షుగర్ పెరిగితే గట్లనే అయితదంట,” అంది అక్క. “రాత్రి సగం జొన్నరొట్టె పెడుతున్నరు. చక్కెర డబ్బా అల్మారీల పెట్టి తాళం ఏసిన్రు. చాటుకు తింటున్ననంట. నిన్న పొద్దుగాల మిషన్ల నంబరే రాలే తమ్మీ. హెచ్చు, ఐ అని ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయ్. ఫోటో గ్రూపుల పెట్టిన.”

ఆ ఫోటో నేనూ చూశాను. ‘హాయ్’ అని ఉంది. నరేష్ కింద ‘హాయ్ అమ్మా, గుడ్ మార్నింగ్’ అని పెట్టాడు. నేను దండం బొమ్మ పెట్టాను. డిగ్రీ చదివినవాడికీ ఏడో తరగతివాడికీ ఆ పూట తేడా లేకపోయింది.

“సాయంత్రం అరుణ మిషన్ పుస్తకం చూసింది. ‘హాయ్’ అంటే పలకరించుడు కాదంట. మిషన్ లెక్క పెట్టలేనంత షుగరంట. ఇంట్ల గత్తర గత్తర. రేపు నరేష్ దవాఖానకు తీస్కపోయి సూది మొదలుపెట్టిస్తడంట.”

“సూదికి భయపడుతున్నవా?”

“సూదేం చేస్తదిరా? కన్నకొడుకు నన్ను దొంగ అన్నడు. గదీ నా బాధ. నువ్వొచ్చి జర చెప్పు. దేవుని తోడు, నేను తినలేదు.”

ఫోన్ పెట్టేసరికి మురళీకృష్ణ స్టూలు మీద లేడు. నిలబడి పైకప్పు చూస్తున్నాడు. ఈ మనిషి పైకి చూశాడంటే ఎవరికో మూడిందన్నమాట.

“హెచ్ ఎన్నో అక్షరం? ఎనిమిది. ఐ? తొమ్మిది. ఎనిమిది, తొమ్మిది! అర్థమైందా?”

“లేదు.”

“నేరం రోజూ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య జరుగుతోంది! హంతకుడు సవాలు విసిరి, పైగా హాయ్ అని పలకరిస్తున్నాడు. ఎంత పొగరండీ!”

“హంతకుడెవరు సారూ? మా అక్క బతికే ఉంది.”

“అందుకే తొందరపడాలి.”

“అది షుగర్ ఎక్కువైతే వచ్చే గుర్తట. పుస్తకంల ఉందట.”

“పుస్తకం అచ్చేసింది ఎవరు? మిషన్ చేసినవాళ్లే. నిందితుడి సాక్ష్యం చెల్లదు. ఇది మెల్లగా చంపే విషం, రామచంద్రం గారూ. రేపు ఎనిమిదికి మనం ఆ ఇంట్లో ఉంటాం.”

నేను రమ్మనలేదు. ఆ మాటకొస్తే ఇతన్ని ఎక్కడికీ ఎవరూ రమ్మనలేదు.

తెల్లారి షేర్ ఆటో దగ్గర అతన్ని చూసి నాకు ఒళ్లు మండింది. డాక్టర్ల తెల్ల కోటు వేసుకున్నాడు. కోచింగ్ సెంటర్లో డాక్టరు చదువుకు తయారయ్యే పిల్లల ఫోటోల కోసం ఉంచిన కోటు అది. జేబు మీద ‘అడ్మిషన్లు జరుగుతున్నవి’ అని కుట్టి ఉంది.

“మారువేషం,” అన్నాడు గొంతు తగ్గించి. “నన్ను గుర్తుపట్టకండి.”

“గుర్తుపట్టకుండా ఉండాల్నని నాకూ ఉంది సారూ,” అన్నాను.

ఎల్బీ నగర్‌లో అక్కావాళ్ల అపార్ట్‌మెంటు గేటు దాటామో లేదో, తెల్ల కోటు చూసి జనం మూగారు. వాచ్‌మన్ భిక్షపతి చొక్కా పైకి మడిచి చేయి చాపాడు. “సార్, జర బీపీ చూడుండ్రి.” ఒక పెద్దమనిషి చేతి గడియారం చూపిస్తూ లిఫ్టుకు అడ్డం నిలబడ్డాడు. “డాక్టర్ గారూ, ఇది రాత్రి నా నిద్ర బాలేదంటోందండీ. నేనేమో హాయిగా పడుకున్నాను. ఇప్పుడు నేను నన్ను నమ్మాలా, దీన్ని నమ్మాలా?”

“రాత్రి మీరు ఎక్కడున్నారు?” అన్నాడు మురళీకృష్ణ కళ్లు చిన్నవి చేసి.

“మంచం మీదండీ.”

“సాక్షులు?”

“మా ఆవిడ.”

“రక్తసంబంధం లేని సాక్షి!” అంటూ పెద్దమనిషిని పక్కకు తోసి లిఫ్టు ఎక్కాడు. ఆయన మాకు దండం పెట్టి, ఆ గడియారానికే సంజాయిషీ ఇచ్చుకుంటూ మెట్లెక్కాడు.

మేం వెళ్లేసరికి అక్క దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. మనిషి సగమైంది. కార్తీక మాసమంతా ఇంట్లో చిన్న శివలింగానికి రోజూ అభిషేకం చేయడం ఆమె అలవాటు. పాలు, పెరుగు, తేనె, పిసికిన అరటిపండు, నీళ్లు. అన్నీ తన చేత్తోనే లింగానికి పూస్తుంది. అయ్యాక ఆ చేతులు నెత్తికి రాసుకుని, కొంగుకు తుడుచుకుని లేచింది. ప్రసాదం పళ్లెం గూట్లోనే పెట్టేసింది. కొడుకు కళ్ల ముందు వేలు కూడా నాకలేదు.

“ఎవరు మామా గీ సారు?” అన్నాడు నరేష్.

“నా తలకాయ నొప్పి. వెంబడే వచ్చింది,” అన్నాను.

మురళీకృష్ణ అప్పటికే కుర్చీలు జరుపుతున్నాడు. “ముందు సీటింగ్ అరేంజ్‌మెంట్. నరేష్ గారు ఉత్తరం వైపు. అరుణశ్రీ గారు నరేష్ గారికి ఎదురుగా, కానీ రామచంద్రం గారి పక్కన కాకుండా.”

“నాకు స్కూలుకు టైమైతుంది బాబాయ్,” అంది అరుణ నాతో. “ఈయన ఏం డాక్టరు?”

“డాక్టరు కాదమ్మా. డాక్టరైతే ఒక్కరినే చంపుతడు.”

మురళీకృష్ణ ఆమె ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. “భాగ్యమ్మ గారికి నరేష్ గారు కొడుకు. రక్తసంబంధం. రామచంద్రం గారు తమ్ముడు. రక్తసంబంధం. మీరు కోడలు. రక్తసంబంధం లేదు! కాబట్టి ఆవిడ రక్తంలో చక్కెర కలిపే అవసరం ఎవరికుంది?”

అరుణ మొహం ఎర్రబడింది. “ఏందీ? నేను కలిపిన్నా? నేనే తాళం ఏసిన! ఆమె తింటుంటే ఆపలేక సస్తున్న నేను!”

“ఎవరు తింటున్నరే?” అంది అక్క. “ఏం తింటే సూసినవ్? ఎప్పుడు సూసినవ్?”

“చూసుడెందుకు అత్తమ్మా? మిషన్ చెప్తలేదా?”

“మిషన్ చెప్తే మనిషిని నమ్మవా?”

“అమ్మా, లొల్లి వద్దు,” అన్నాడు నరేష్. “మామ ముంగటనే చూసుకో. తేలిపోతది.”

అక్క మిషను దగ్గరికి వచ్చి కూర్చుని వేలు పొడుచుకుంది. చుక్కను పట్టీకి తాకించింది. అందరం తలలు వంచి చూశాం. మళ్లీ అవే రెండక్షరాలు.

“చూసినవా మామా?” అన్నాడు నరేష్. “రాత్రి సగం రొట్టె పెట్టినం. ఇప్పుడు గింత! అమ్మా, నిజం చెప్పు. ఏం తిన్నవ్?”

“మంచినీళ్లు తాగిన,” అంది అక్క. ఆ తర్వాత నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

ఈలోగా మురళీకృష్ణ దేవుడి గూట్లో చేయి పెట్టాడు. తేనె సీసా పైకి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మూత తీసి ఎడమ అరచేతిలో పోసుకున్నాడు. రెండు చేతుల వేళ్లకూ పట్టేలా రుద్ది, వాసన చూసి, వేళ్లు విడదీసి మళ్లీ కలిపాడు.

“జిగురు!” అని సీసాకు మూత పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు. “అసలు విషం ఇందులో ఉంది. ఎవరూ తినకండి.”

“ఎవరూ తింటలేరు సారూ, అదే కదా గొడవ,” అన్నాను.

“అలాగైతే రెండోది. మిషన్ దోషా, మనిషి దోషా? తేలాలంటే పూర్తి ఆరోగ్యవంతుడి రక్తం కావాలి. వెతకనక్కర్లేదు, నేనున్నాను. నేను పొద్దున లేచి ఏమీ తినలేదు. నా రక్తం గంగాజలం.”

వేలు పొడుచుకోవడానికి మూడుసార్లు కళ్లు మూసుకున్నాడు. నాలుగోసారి నేనే పొడిచాను. ఇన్నాళ్లు అతనితో తిరిగినందుకు నాకు దక్కిన ఒకే ఒక్క సుఖం అది. ఎడమచేతి వేలి చుక్క పట్టీకి తాకింది. మిషన్ కాసేపు ఆలోచించి ‘హాయ్’ అంది.

మురళీకృష్ణ తెల్లకోటు కన్నా తెల్లబడ్డాడు.

“నాకా? లెక్కపెట్టలేనంతా?” అన్నాడు. “రామచంద్రం గారూ, నా కార్డులు... మిగిలినవి పంచిపెట్టండి...” అంటూ వెనక్కి విరుచుకుపడ్డాడు. సగం సోఫా మీద, సగం నేల మీద. ఎడమచేయి సోఫా గుడ్డ మీద పరుచుకుంది. కుడిచేయి పోయి పోయి పనిమనిషి కిష్టమ్మ ఇల్లు తుడవడానికి అప్పుడే తెచ్చిపెట్టిన బకెట్లో మునిగింది.

“ఓయమ్మో, నా పినాయిలు నీళ్లు!” అని అరిచింది కిష్టమ్మ. మనిషి పోయాడేమోనన్న బెంగ ఆమెకు కూడా లేదు.

“అంబులెన్సు పిలువున్రి,” అంది అక్క ఒక్కతే.

“ఆగమ్మా, ఇంకోసారి చూద్దాం.” నరేష్ బకెట్లోంచి కుడిచేయి లాగి, తువ్వాలుతో బాగా తుడిచి, వేలు పొడిచాడు. నూట రెండు.

“నూట రెండే!” అన్నాడు.

పడుకున్నవాడు ఒక కన్ను తెరిచాడు. “పోయేముందు తగ్గుతుందంటారా?”

“మీరేం పోరు, లెండ్రి. మిషనే ఖరాబైంది.” నరేష్ ఈసారి ఎడమచేతి వేలు పొడిచాడు. ‘హాయ్.’

మురళీకృష్ణ లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు. అతని మొహంలో మేధస్సు మెల్లగా పొంగింది, స్టవ్వు మీద మరిచిపోయిన పాలలాగా.

“తేలిపోయింది! నాకు ఎడమవైపే షుగరుంది. కుడివైపు లేదు. సగం మనిషికే జబ్బు! నరేష్ గారూ, మీ అమ్మగారు రోజూ తప్పు చేత్తో చూసుకుంటున్నారు!”

విజయగర్వంతో ఎడమచేయి పైకెత్తాడు. దానితోపాటు సోఫా గుడ్డ కూడా లేచింది, అరచేతికి అతుక్కుని.

“అయ్యో, నా సోఫా గుడ్డ!” అని అరుణ దాన్ని పట్టి లాగింది. ఊడి వచ్చిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని “తేనె,” అంది. మళ్లీ, ఈసారి చాలా మెల్లగా, “తేనె,” అంది. అలా అంటూనే వెనక్కి తిరిగి అత్త చేతుల వంక చూసింది.

“అత్తమ్మా, అభిషేకం చేసినంక చేతులు కడుక్కుంటవా?”

“ఎందుకు కడుగుత? శివయ్యను ముట్టిన చెయ్యి తీస్కపోయి మోరీల కడుగుతరా ఎవరన్న? కొంగుకు తుడుచుకుంట.”

“కార్తీకం పడ్డప్పటి సంది గంతేనా?”

“ఏండ్ల సంది గంతే. నిరుడు మిషన్ లేకుండే, గందుకే మంచిగుంటి.”

అరుణ అత్తను రెక్క పట్టుకుని వంటింటి తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు పెట్టి ఒక్కో వేలూ తనే కడిగింది, తనే తుడిచింది, తనే పొడిచింది. ఆ చేతులు వణుకుతున్నాయి. ఎవరివో నాకు తెలియలేదు, ఇద్దరివీ అనుకుంటా.

యాభై నాలుగు.

వంద కాదు, నూట యాభై కాదు, యాభై నాలుగు. తేనె నంబరు చూసి పెంచిన గోళీలు, సగం రొట్టె కడుపు. అక్క నుదుటి మీద చెమట అప్పుడు కనిపించింది మాకు. అంతకుముందు కూడా ఉండే ఉంటుంది, మేం మిషన్ వైపు చూస్తున్నాం.

“కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా,” అని గోడకు ఒరిగింది.

“చక్కెర! చక్కెర తే!” అని అరిచాడు నరేష్.

“తాళం... తాళంచెవి...” అరుణ హ్యాండ్‌బ్యాగు నేల మీద బోర్లించింది. పెన్నులు, దువ్వెన, పిల్లల పరీక్ష పేపర్లు, అన్నీ రాలాయి. తాళంచెవి తప్ప. నరేష్ అల్మారీ తలుపు పట్టుకుని గుంజుతున్నాడు. ఎంత మంచి అల్మారీ! దొంగలకే కాదు, ఇంటివాళ్లకీ లొంగలేదు.

నేను మురళీకృష్ణ కోటు జేబులోంచి తేనె సీసా లాక్కున్నాను. చెంచా నిండా పోసి అక్క నోట్లో పెట్టాను.

“సాక్ష్యం! సాక్ష్యం తినిపించేస్తున్నారు!” అని గోల పెట్టాడు డిటెక్టివ్.

“నోర్ముయ్ సారూ,” అన్నాను. రెండో చెంచా పెట్టాను. కార్తీక మాసమంతా అక్క తిన్న తీపి అదే.

కాసేపటికి ఆమె మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. మళ్లీ చేయి కడిగి చూస్తే తొంభై దాటింది. ఇడ్లీలు పెడితే తింది. నరేష్ డాక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. పెంచిన గోళీలు ఆపి వెంటనే తీసుకురమ్మన్నాడు ఆయన. “చేతులు కడిగి చూసుకోవాలని తెలీదా?” అని కసిరాడట. ఫోటోలు చూసి రెండుసార్లు గోళీలు పెంచినప్పుడు ఆయనకు చేతులు గుర్తు రాలేదు గాని, ఇప్పుడు మాత్రం అందరి చేతులూ గుర్తొచ్చాయి.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. అరుణ నేల మీది పెన్నులు ఏరుకుంది. నరేష్ మిషన్ డబ్బాలో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ‘తప్పైంది’ అన్న మాట పలకడానికి ఎంత చదువు కావాలో నాకు తెలియదు, వీళ్లకున్న డిగ్రీలు మాత్రం సరిపోలేదు.

మురళీకృష్ణ ఒక్కడే హుషారుగా ఉన్నాడు. “చూశారా రామచంద్రం గారూ? నా ప్రాణాలు ఒడ్డి, నా రక్తం ధారపోసి, బకెట్లో చేయి ముంచాలని ముందే పథకం వేసి...”

“పథకమా? పినాయిలు నీళ్లు మళ్ల కలుపుకోవాలె నేను,” అంది కిష్టమ్మ.

చివరికి నరేష్ తల్లి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మాట వస్తుందనే అనుకున్నాను.

“అమ్మా, రేపటి సంది సబ్బుతోని చేతులు కడుక్కో. మంచిగ తుడుచుకున్నంకనే మిషన్ ముట్టు. సరేనా?”

అక్క ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టింది. కొడుకును చూసింది, కోడలిని చూసింది. క్యాలెండరు చూసిన తమ్ముణ్ణి కూడా వదల్లేదు.

“నేను చేతులు కడుక్కుంట తియ్,” అంది. “మీరు పోయి నోర్లు కడుక్కోన్రి.”

నరేష్ తల దించుకున్నాడు. అరుణ కళ్లు తుడుచుకుంది. నేను నిలుచున్న చోటే నిలుచున్నాను.

“బాత్రూం ఎటండీ?” అన్నాడు మురళీకృష్ణ.